సీల్స్ క్యాలెండర్ చూసుకుని బయల్దేరండి

అందరికీ నమస్కారమండి. వెనక వరసలో కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డునే సాగే హైవే వన్ మీద మీలో చాలామంది ఒక్కసారైనా డ్రైవ్ చేసే ఉంటారు. బిక్స్‌బీ బ్రిడ్జ్ దగ్గర ఆగి ఒక ఫొటో, తర్వాత మలుపులో ఇంకో ఫొటో, సాయంత్రానికి హోటల్, మర్నాడు ఇంటికి. ఆ రోడ్డు అందం అలాంటిది, దాని కోసమే వెళ్లినా తప్పేం లేదు. కానీ అదే రోడ్డు పక్కన, కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, ఎవరూ పెంచనివి, ఎవరూ తిండి పెట్టనివి, కొన్నైతే రెండు టన్నుల బరువుండేవి వందలకొద్దీ ఇసకలో పడుకుని ఉంటాయి, పిల్లల్ని కంటుంటాయి, కొట్టుకుంటుంటాయి, మనం వాటిని దాటుకుని వెళ్లిపోతుంటాం. ఇవాళ నేను చెప్పేదంతా సీల్స్ అనే ఆ సముద్ర జంతువుల గురించే. వాటిని చూడ్డానికే ఒక ట్రిప్ వేసుకోండి, ఆ ట్రిప్ డేట్లు మాత్రం మీ లాంగ్ వీకెండ్‌ని బట్టి కాకుండా సీల్స్ క్యాలెండర్‌ని బట్టి పెట్టుకోండి, అక్కడికెళ్లాక ఒకచోట రెండు గంటలు కదలకుండా నిలబడండి. నేను చెప్పాలనుకున్నది ఇదే, మిగతాదంతా దీనికి వివరాలే.

ముందు ఏది ఏదో తెలియాలి. శాన్ ఫ్రాన్సిస్కోలో పియర్ 39 దగ్గర చెక్క తెప్పల మీద గుంపులుగా పడుకుని మొరుగుతుంటాయే, అవి సీల్స్ కావు, సీ లయన్స్. 1989 అక్టోబర్‌లో లోమా ప్రియెటా భూకంపం వచ్చాక కొన్నాళ్లకి అక్కడ చేరడం మొదలుపెట్టాయి, ఇక వదల్లేదు. సీ లయన్‌కి చిన్న చెవి డొప్పలు బయటికి కనిపిస్తాయి, ముందు ఫ్లిప్పర్ల మీద, అంటే తెడ్డులాంటి కాళ్ల మీద లేచి నాలుగు కాళ్ల జంతువులా నడుస్తుంది. సీల్‌కి చెవి దగ్గర చిన్న కన్నం తప్ప ఏమీ ఉండదు, వెనక ఫ్లిప్పర్లు ముందుకి మడవలేదు, అందుకే నేల మీద పొట్ట ఆనించి ఒళ్లంతా అలల్లాగా ఊపుకుంటూ జరుగుతుంది. ఈ తీరంలో మనం చూడ్డానికి వెళ్లే సీల్స్ ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి హార్బర్ సీల్, ఐదారు అడుగులు ఉంటుంది, ఒంటినిండా చుక్కలు, మహా పిరికిది. రెండోది ఎలిఫెంట్ సీల్. మగదైతే 14 నుంచి 16 అడుగుల పొడవు, 2000 కిలోలు దాటే బరువు, మూతి మీద వేలాడే పెద్ద ముక్కు. ఆడది బరువులో అందులో సగం కూడా ఉండదు, దానికి ఆ ముక్కూ ఉండదు. నా మాటలు ఎక్కువగా ఈ రెండోదాని గురించే సాగుతాయి, ఎందుకంటే దీనికి పక్కా క్యాలెండర్ ఉంది, రావాల్సిన నెలకి వచ్చేస్తుంది, వెళ్లాల్సిన నెలకి వెళ్లిపోతుంది.

ఆ క్యాలెండర్ ఏంటంటే, నవంబర్ ఆఖర్లో పెద్ద మగవి రావడం మొదలవుతుంది, బీచ్‌లో ఎవరి చోటు ఏదో తేల్చుకుంటాయి. డిసెంబర్ మధ్య నుంచి కడుపుతో ఉన్న ఆడవి వస్తాయి, వచ్చిన వారం లోపే కంటాయి. జనవరి ఆఖరికి బీచ్ నిండిపోతుంది, అడుగు పెట్టే చోటు కూడా కనిపించదు. ఫిబ్రవరి మధ్యలో జతకట్టడం జోరుగా ఉంటుంది, మార్చి సగానికి పెద్దవన్నీ సముద్రంలోకి వెళ్లిపోతాయి, పిల్లలు మాత్రం మిగిలిపోతాయి. మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో ఆడవి, కుర్ర సీల్స్ చర్మం మార్చుకోడానికి వస్తాయి, జూలై, ఆగస్టుల్లో పెద్ద మగవి అదే పనికి వస్తాయి. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఇంకా ఈడు రాని చిన్నవి వచ్చి ఊరికే పడుకుని వెళ్తాయి. అంటే ఏడాది పొడుగునా ఏవో కొన్ని ఉంటాయి, కానీ మీరు ఏ నెలలో వెళ్తే ఆ నెల కథే కనిపిస్తుంది. ఒకే ఒక్కసారి వెళ్లగలం అనుకునేవాళ్లకి జనవరి చివరి వారం అని కళ్లు మూసుకుని చెప్తాను. పుట్టడం, పాలివ్వడం, కొట్లాట, అన్నీ ఒకే బీచ్‌లో ఒకేసారి జరుగుతుంటాయి.

ఇప్పుడు రోడ్డు సంగతి. ఉత్తరం నుంచి దక్షిణానికి రండి. అలా వస్తే సముద్రం మీ కుడి చేతి వైపు, మీ లేన్ పక్కనే ఉంటుంది, పక్కకి తీసి ఆపుకునే చోట్లన్నీ మీ వైపే పడతాయి, ఎదురు ట్రాఫిక్‌ని దాటుకుని ఎడమకి తిరిగే పని ఉండదు. సన్నటి రోడ్డు కదా, అది చిన్న విషయం కాదు.

అన్నిటికన్నా పైన, శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన, పాయింట్ రేయస్. అక్కడ డ్రేక్స్ బీచ్ అని ఒకటి ఉంది, పార్కింగ్ లాట్, పక్కనే విజిటర్ సెంటర్, జనం పిక్నిక్‌లకి వెళ్లే మామూలు బీచ్. 2018 డిసెంబర్ నుంచి 2019 జనవరి దాకా ఫెడరల్ గవర్నమెంట్ షట్‌డౌన్, అంటే బడ్జెట్ పాసవక ప్రభుత్వ ఆఫీసులు మూతపడటం, 35 రోజులు నడిచింది, పార్క్ స్టాఫ్ డ్యూటీలో లేరు. మామూలప్పుడు ఎలిఫెంట్ సీల్స్ ఆ బీచ్ వైపు వస్తుంటే స్టాఫ్ టార్పాలిన్ పట్టలు ఊపి వెనక్కి మళ్లించేవాళ్లు. ఆ శీతాకాలం తుఫాన్లు, పెద్ద ఆటుపోట్లు కలిసి వాటి పాత చోటుని ముంచేశాయి, ఇటు చూస్తే ఖాళీ బీచ్, అడ్డుకునే మనిషి లేడు. అంతే, పదులకొద్దీ వచ్చి డ్రేక్స్ బీచ్‌లో దిగిపోయి అక్కడే పిల్లల్ని కనేశాయి, కొన్ని ఫెన్స్ తోసుకుని పార్కింగ్ లాట్‌లోకి కూడా వచ్చేశాయి. ఆఫీసులు తెరిచాక స్టాఫ్ వాటిని వెళ్లగొట్టలేదు, పిల్లతల్లుల్ని కదిలించకూడదు కదా, బీచ్ మూసేసి, పార్కింగ్ లాట్ చివర నిలబడి జనం చూసేలా ఏర్పాటు చేశారు. నాకు ఈ సంగతి చాలా ఇష్టం. మనం ఒక్క నెల పక్కకి తప్పుకుంటే ఆ జీవాలు వచ్చి తమ చోటు తాము తీసుకుంటాయి అనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఈ తీరంలో నాకు తెలీదు.

శాన్ ఫ్రాన్సిస్కో దాటి 55 మైళ్లు దక్షిణానికి వస్తే అన్యో న్యువో స్టేట్ పార్క్. దానికి కొంచెం ముందు పిజియన్ పాయింట్ లైట్‌హౌస్ వస్తుంది, 1872 నాటిది, 115 అడుగులు, ఆగి చూడొచ్చు. అన్యో న్యువోలో మాత్రం డిసెంబర్ 15 నుంచి మార్చి 31 దాకా గైడ్‌తోనే లోపలికి వెళ్లాలి, ముందే బుక్ చేసుకోవాలి, అప్పటికప్పుడు వెళ్తే దొరక్కపోవచ్చు. డిసెంబర్ మొదటి రెండు వారాలు మూసేస్తారు, అవి వచ్చి స్థిరపడే టైం అది. నడక మూడు మైళ్ల పైనే ఉంటుంది, ఇసక దిబ్బల మీదుగా రెండున్నర గంటలు, వాన పడినా నడక ఆగదు, గాలి మాత్రం విపరీతం. కుక్కల్ని పార్కులోకే రానివ్వరు. కష్టమే గానీ ఇక్కడ మీరు సీల్స్ ఉన్న నేల మీదే నిలబడతారు, దిబ్బ తిరిగేసరికి ఎదురుగా పడుకుని ఉంటుంది ఒకటి, గైడ్ చేయి అడ్డం పెట్టి అందర్నీ ఆపుతారు, అది లేచి పోయేదాకా ఆ గుంపంతా కదలదు. ఈ జంతువుల గురించి మనకి ఇవాళ తెలిసినదాంట్లో పెద్ద భాగం ఇక్కడే తెలిసింది, శాంటా క్రూజ్ యూనివర్సిటీ వాళ్లు 1960ల చివర్నుంచి ఈ కాలనీని వదలకుండా చూస్తున్నారు.

తర్వాత శాంటా క్రూజ్, మాంటెరే, పాయింట్ లోబోస్. ఇవన్నీ మీకు తెలిసినవే, పాయింట్ లోబోస్‌లో రాళ్ల మీద హార్బర్ సీల్స్ ఉంటాయి, బైనాక్యులర్స్ తీసి ఒకసారి చూడండి. ఆ తర్వాత వచ్చే బిగ్ సర్ అనే కొండల తీరం గురించి ఒక్క మాటే చెప్తాను. మాంటెరే నుంచి శాన్ సిమియన్ 100 మైళ్ల లోపే కానీ మూడు గంటలు వేసుకోండి, పెట్రోల్ ముందే పోయించుకోండి, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, కొండ చరియలు పడి రోడ్డు నెలల తరబడి మూసేసిన సందర్భాలున్నాయి. 2017 మేలో మడ్ క్రీక్ దగ్గర కొండే జారి సముద్రంలో పడింది, మళ్లీ రోడ్డు తెరిచేసరికి 2018 జూలై. కాబట్టి బయల్దేరే రోజు పొద్దున కాల్‌ట్రాన్స్, అంటే రాష్ట్ర రోడ్ల శాఖ వాళ్ల రోడ్ ఇన్ఫర్మేషన్ చూసుకోకుండా కారెక్కొద్దు. మూసి ఉంటే చుట్టూ తిరిగి 101 హైవే మీదుగా దక్షిణం వైపు నుంచి రావచ్చు, బిగ్ సర్ పోతుంది గానీ సీల్స్ పోవు.

ఇక పియెడ్రాస్ బ్లాంకాస్. నేను మిమ్మల్ని అసలు తీసుకెళ్లాలనుకున్న చోటు ఇదే. హర్స్ట్ కాజిల్ అని, పత్రికల యజమాని విలియం రాండాల్ఫ్ హర్స్ట్ కట్టించిన పెద్ద భవనం ఉంది, దాని గేటుకి నాలుగైదు మైళ్లు ఉత్తరంగా రోడ్డు పక్కనే పెద్ద పార్కింగ్ ఉంటుంది, బుకింగ్ లేదు, టికెట్ లేదు, ఏడాదిలో ప్రతిరోజూ తెరిచే ఉంటుంది. కారు దిగితే చెక్క నడకదారి, దానికి కంచె, కంచె కిందే బీచ్. వీల్‌చెయిర్‌లో ఉన్న పెద్దవాళ్లు కూడా కంచె దాకా వచ్చి చూడొచ్చు, అన్యో న్యువోలో ఆ ఇసక దారి వాళ్లకి కష్టం. నీలం జాకెట్లు వేసుకున్న వాలంటీర్లు ఉంటారు, ఫ్రెండ్స్ ఆఫ్ ద ఎలిఫెంట్ సీల్ అనే సంస్థ వాళ్లు, 1997 నుంచి ఉంది. సిగ్గుపడకుండా వాళ్లని అడగండి, ఎన్ని ప్రశ్నలేసినా ఓపిగ్గా చెప్తారు, పైగా ఆ రోజు పొద్దున్నుంచి ఆ బీచ్‌లో ఏం జరిగిందో వాళ్లకి తెలుసు.

అక్కడ నిలబడ్డాక మొదటి పది నిమిషాలు ఏమీ జరగట్లేదనే అనిపిస్తుంది, ఇసక రంగు మూటలు వరసగా పడి ఉంటాయి, కొన్ని చచ్చిపోయాయేమో అని పిల్లలు భయపడతారు కూడా. చచ్చిపోలేదు. నిద్రలో ఊపిరి బిగబట్టి ఉంటాయి, నేల మీద పడుకున్నా అంతే, నీళ్లలో అలవాటు. ఒకదాని ముక్కునే చూస్తూ ఉండండి. ముక్కు రంధ్రాలు రెండూ గట్టిగా మూసుకుని ఉంటాయి, ఐదు నిమిషాలు గడుస్తాయి, పది గడుస్తాయి, ఛాతీ కదలదు. ఉన్నట్టుండి రంధ్రాలు గుండ్రంగా తెరుచుకుని బుస్సుమని గాలి బయటికొస్తుంది, వరసగా కొన్ని ఊపిర్లు తీసుకుంటుంది, మళ్లీ మూసేస్తుంది. కళ్ల చుట్టూ తడి వలయం ఉంటుంది, ఏడుస్తోందంటారు చూసినవాళ్లు, అది కళ్లలో ఇసక కడుక్కోడానికి కారే నీరు, దాన్ని ముక్కులోకి పంపే నాళం వీటికి లేదు కాబట్టి చెంపల మీద కారిపోతుంది. మధ్యమధ్యలో ముందు ఫ్లిప్పర్‌తో ఇసక తీసి వీపు మీద చల్లుకుంటుంటాయి, ఎండకి కాగే ఒంటికి అది చల్లదనం.

జనవరిలో అయితే గల్స్ ని, అంటే ఆ సముద్రపు కొంగల్ని... కొంగలు కాదులెండి, గల్స్ అనే అందాం, వాటిని గమనిస్తూ ఉండండి. ఒక్కసారిగా ఒక గుంపు అరుచుకుంటూ బీచ్‌లో ఒకే చోట వాలిందంటే అక్కడ ఇప్పుడే కాన్పు అయిందన్నమాట, మాయ కోసం వచ్చాయి అవి. అప్పుడు బైనాక్యులర్స్ అటు తిప్పండి. నల్లటి బొచ్చుతో, ముడతలు పడ్డ వదులు చర్మంతో 30 కిలోల పైన బరువున్న పిల్ల కనిపిస్తుంది. తల్లి గిర్రున తిరిగి దాని మూతి దగ్గర మూతి పెట్టి వాసన చూస్తుంది, అరుస్తుంది, పిల్ల తిరిగి అరుస్తుంది. ఆ కాసేపట్లో రెండూ ఒకదాన్నొకటి గుర్తు పెట్టుకుంటాయి, తర్వాత వందల మధ్య తప్పిపోయినా ఆ గొంతుతోనూ వాసనతోనూ వెతుక్కోవాలి.

పాల సంగతి వింటే ఆశ్చర్యపోతారు. మొదట్లో పల్చగా ఉండే పాలు నెల తిరిగేసరికి సగానికి పైగా కొవ్వే ఉంటాయి. నెల రోజుల్లో పిల్ల 30 కిలోల నుంచి 130 కిలోల దాకా పెరుగుతుంది. ఆ నెలంతా తల్లి ఒక్క ముద్ద తినదు, నీళ్లూ తాగదు, సముద్రం పక్కనే ఉన్నా దిగదు, ఒంట్లో కొవ్వంతా కరిగించి పిల్లకి పోస్తుంది, బరువులో మూడో వంతు పైనే పోతుంది. 28 రోజులు అటూ ఇటూ కాగానే జతకట్టి, పిల్లని అక్కడే వదిలేసి సముద్రంలోకి వెళ్లిపోతుంది, మళ్లీ తిరిగి రాదు దాని కోసం. ఆ తర్వాత ఆ పిల్లలు ఒకచోట చేరి పడుకుంటాయి, వెండి రంగు కొత్త బొచ్చు వస్తుంది, రెండు నెలల పైన ఏమీ తినకుండా ఒంట్లో కొవ్వు మీదే బతుకుతాయి. ఈత నేర్పేవాళ్లెవరూ లేరు. సాయంత్రాలు రాళ్ల మధ్య నిలిచిన నీటి గుంటల్లో దిగి తల ముంచి చూస్తాయి, బుడగలు వదులుతాయి, ఊపిరి చాలక పైకి లేస్తాయి, మళ్లీ ముంచుతాయి, రోజురోజుకీ ఆ ముంచే టైం పెరుగుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో జనం తక్కువ, పెద్ద సీల్స్ కొట్లాటలు లేవని చాలామంది రారు, కానీ నా మనసుకి ఎక్కువ దగ్గరైంది ఆ నెలలే. ఆ గుంటల పక్కన నిలబడి చూస్తే అవి తమంతట తాము సముద్ర జీవాలుగా తయారవడం కనిపిస్తుంది. ఒకరోజు వెళ్లిపోతాయి. మొదటి ఏడాది గడిచేసరికి దాదాపు సగం బతకవు.

మగవాటి కొట్లాట అందరూ అడుగుతారు. రెండు మగవి ఎదురెదురుగా ఛాతీ ఎత్తి నిలబడి, మెడ మీద కోరలతో కొట్టుకుంటాయి, మెడ చుట్టూ చర్మం గట్టిపడి గులాబీ రంగులో మచ్చలు మచ్చలుగా ఉంటుంది, అది ఇన్నేళ్ల కొట్లాటల గుర్తు. కానీ నిజంగా రక్తం కారేదాకా వెళ్లేవి తక్కువ. చాలాసార్లు ఒకటి తల వెనక్కి వాల్చి డబ డబ డబ అని ఒక శబ్దం చేస్తుంది, పెద్ద ఇంజిన్ ఆగి ఆగి నడుస్తున్నట్టు ఉంటుంది, కంచె దగ్గర చెక్కల్లో కూడా ఆ అదురు తెలుస్తుంది. ప్రతి మగదానికీ ఆ శబ్దంలో తనదైన లయ ఉంటుంది, మిగతావి ఆ లయ విని అది ఎవరిదో పోల్చుకుంటాయి, ఇంతకుముందు తనని ఓడించిందే అని తెలిస్తే తల తిప్పుకుని జరిగిపోతుంది. మూడు నెలలు తిండి లేకుండా ఉండాల్సిన జీవి కదా, శక్తి దాచుకోవాలి. ఒకటి చెప్తాను, పిల్లలతో వచ్చేవాళ్లు ముందే తెలుసుకుంటే మంచిది. కొట్లాట పరుగులో మగది సీల్ పిల్లల మీద నుంచి వెళ్లిపోవడం జరుగుతుంది, కొన్ని చనిపోతాయి, తుఫానొచ్చి అల పైకి కొడితే ఈత రాని పిల్లలు కొట్టుకుపోతాయి. చనిపోయిన పిల్ల పక్కన తల్లి కూర్చుని ఉండటం మీరు చూడొచ్చు. మీ పిల్లలు అడిగితే నిజమే చెప్పండి.

ఏప్రిల్, మేలో వెళ్తే ఇంకో దృశ్యం. బొచ్చు ఒక్కటే కాదు, పైచర్మం కూడా పెళ్లలు పెళ్లలుగా ఊడొస్తుంది, పాము కుబుసం విడిచినట్టే, కాకపోతే ముక్కలుగా. రోగం వచ్చిందనుకుని జనం వాలంటీర్ల దగ్గరికి పరిగెడతారు. రోగం కాదు, ఏటా జరిగేదే, కింద కొత్త బూడిద రంగు బొచ్చు మెరుస్తూ ఉంటుంది. మే మొదట్లో ఈ బీచ్‌లో ఉండే సంఖ్య జనవరితో పోటీ పడుతుంది.

ఇవి మిగతా ఏడాది ఎక్కడుంటాయో తెలిస్తేనే ఆ బీచ్‌లో నిద్ర విలువ అర్థమవుతుంది. ఏడాదికి రెండుసార్లు ఉత్తర పసిఫిక్‌లోకి వెళ్లొస్తాయి. మగవి అలాస్కా, అల్యూషియన్ దీవుల దాకా తీరం అంచు పట్టుకుని వెళ్లి సముద్రపు అడుగున తిరిగే వాటిని తింటాయి, ఆడవి నడి సముద్రంలో చిన్న చేపల్ని, స్క్విడ్‌లని తింటాయి. రెండు ప్రయాణాలూ కలిపితే ఏడాదికి 10 వేల మైళ్లు దాటుతుంది. దారి పొడుగునా రాత్రీ పగలూ మునుగుతూనే ఉంటాయి, 20 నుంచి 30 నిమిషాలు కింద, రెండు మూడు నిమిషాలు పైన, మళ్లీ కిందకి. మామూలుగా 1000 నుంచి 2000 అడుగులు, అవసరమైతే 5000 అడుగులు దాటి కూడా వెళ్తాయి. మునిగేముందు గాలి పీల్చుకోవు, వదిలేస్తాయి. ఆక్సిజన్ అంతా రక్తంలో, కండరాల్లో దాచుకుంటాయి, ఊపిరితిత్తులు ఒత్తిడికి ముడుచుకుపోతాయి, గుండె బాగా నెమ్మదిస్తుంది. 2023లో శాంటా క్రూజ్ శాస్త్రవేత్తలు వీటి తలకి మెదడు తరంగాలు కొలిచే పరికరం పెట్టి చూశారు, సముద్రంలో ఉన్నన్నాళ్లూ ఇవి రోజుకి సగటున రెండు గంటలే నిద్రపోతాయి, అదీ ఒక్కోసారి కొద్ది నిమిషాలే, షార్క్‌లు, ఓర్కాలు అనే వేట తిమింగలాలు తిరిగే పై నీళ్లు దాటాక లోతులో వెల్లకిలా తిరిగి గిరికీలు కొడుతూ కిందకి జారిపోతూ నిద్రపోతాయి. అలా నెలలు గడిపి వచ్చిన జీవి బీచ్‌లో పడుకుని ఉంది. కంచె దగ్గర నిలబడి లేపడానికి ఈలలేసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

అసలు ఇవి ఇక్కడ ఉండటమే ఒక పెద్ద విషయమండీ. 1800ల్లో వీటి కొవ్వు నుంచి తీసే నూనె కోసం, దీపాలకీ యంత్రాలకీ వాడే నూనె అది, వేటాడి వేటాడి ఇక లేవు అనే స్థితికి తెచ్చారు. నేల మీద మనిషిని చూసి పారిపోవడం తెలీని జంతువు, చంపడం సులువు. 1892లో మెక్సికోకి చెందిన గ్వాడలూప్ దీవిలో ఒక శాస్త్ర బృందానికి పది కూడా కనిపించలేదు, వాటిలోనూ ఏడింటిని మ్యూజియం కోసం చంపేశారు, ఇవే ఆఖరివేమో అని తెలిసి కూడా. ఎక్కడో సముద్రంలో ఉన్నవి కొన్ని మిగిలాయి కాబట్టి జాతి నిలబడింది, మొత్తం 100 లోపే ఉండి ఉంటాయని అంచనా. 1922లో మెక్సికో ప్రభుత్వం ఆ దీవికి రక్షణ ఇచ్చింది, తర్వాత అమెరికా ఇచ్చింది, 1972లో మెరైన్ మామల్ ప్రొటెక్షన్ యాక్ట్, అంటే సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చింది. ఒక్కో దీవి, ఒక్కో బీచ్ చొప్పున ఉత్తరానికి పాకుతూ వచ్చాయి. అన్యో న్యువో దీవిలో 1961లో మొదటి పిల్ల పుట్టింది, ఎదురుగా ఉన్న నేల మీద 1975లో. పియెడ్రాస్ బ్లాంకాస్‌లో 1990 ముందు అసలు కాలనీయే లేదు, ఆ ఏడు నవంబర్‌లో రెండు డజన్ల దాకా వచ్చాయి, 1992లో తొలి పిల్ల, ఇవాళ ఏడాది మొత్తంలో ఆ తీరానికి వచ్చిపోయేవి 25 వేల దాకా. అంటే నా కన్నా చిన్నదండీ ఆ కాలనీ! అన్నీ ఆ కొద్ది జంతువుల సంతానమే, అందుకే వాటి జన్యువుల్లో వైవిధ్యం చాలా తక్కువ, కొత్త జబ్బు ఏదైనా వస్తే తట్టుకోగలవా అన్న భయం శాస్త్రవేత్తలకి ఉంది. అది ఉత్తుత్తి భయం కాదు, 2023లో అర్జెంటీనా తీరంలో వీటి దక్షిణాది బంధువులకి బర్డ్ ఫ్లూ సోకి ఆ ఏడు పుట్టిన పిల్లలు వేలల్లో చనిపోయాయి.

దక్షిణానికి ఇంకా వెళ్లే ఓపిక ఉన్నవాళ్లకి హార్బర్ సీల్స్ చోట్లు రెండు. శాంటా బార్బరా దాటాక కార్పింటీరియాలో కొండ అంచు మీద నుంచి కిందకి చూడొచ్చు, డిసెంబర్ 1 నుంచి మే 31 దాకా ఆ బీచ్ మనుషులకి మూసేస్తారు. శాన్ డియేగో దగ్గర లా హోయాలో చిల్డ్రన్స్ పూల్, 1931లో పిల్లలు భయం లేకుండా ఈదాలని ఎలెన్ బ్రౌనింగ్ స్క్రిప్స్ డబ్బిచ్చి కట్టించిన గోడ అది, 1990ల నుంచి హార్బర్ సీల్స్ వచ్చి పిల్లల్ని కంటున్నాయి. ఊళ్లో ఏళ్ల తరబడి కోర్టు గొడవలు జరిగాయి, చివరికి డిసెంబర్ 15 నుంచి మే 15 దాకా బీచ్ మూస్తున్నారు, గోడ పక్కన నిలబడి చూడొచ్చు. హార్బర్ సీల్ దగ్గర గొంతు కూడా తగ్గించి మాట్లాడండి. ఎలిఫెంట్ సీల్‌లా అది పడుకుని ఉండిపోదు. ఒకటి తలెత్తి మీ వైపు చూసిందంటే ఆగిపోండి, నాలుగైదు తలలెత్తాయంటే మీరు ఇప్పటికే దగ్గరికి వచ్చేసినట్టు, నెమ్మదిగా వెనక్కి జరగండి. అన్నీ ఒక్కసారి నీళ్లలోకి దూకితే ఆ తొక్కిసలాటలో తల్లీ పిల్లా విడిపోతాయి.

టైం అయిపోతోందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: ఎంత దూరంలో ఉండాలండి? ఫొటోలు ఫోన్‌తో వస్తాయా?

కంచె ఉన్నచోట కంచె ఇవతల. కంచె లేనిచోట కనీసం 50 గజాలు, ప్రభుత్వం చెప్పే లెక్క అదే. ఎలిఫెంట్ సీల్ బద్ధకంగా కనిపిస్తుంది గానీ కొద్ది దూరానికి మనిషిని అందుకునేంత వేగంగా కదులుతుంది. డ్రోన్లు వద్దు. ఫోన్‌తో పియెడ్రాస్ బ్లాంకాస్‌లో బాగానే వస్తాయి, మిగతాచోట్ల మంచి బైనాక్యులర్స్ కొనుక్కోండి, కెమెరా లెన్స్‌కి పెట్టే డబ్బులో కొంత దానికి పెట్టండి అంటాను, ఇంట్లో అందరూ మార్చి మార్చి చూడొచ్చు.

ప్రశ్న: మా అమ్మగారు, నాన్నగారు వస్తున్నారు, ఎక్కువ నడవలేరు. ఒక్క రోజులో అవుతుందా?

అవుతుందమ్మా. అన్యో న్యువో వదిలేయండి, సరాసరి పియెడ్రాస్ బ్లాంకాస్‌కి తీసుకెళ్లండి. కేంబ్రియాలోనో శాన్ సిమియన్‌లోనో ముందురోజు రాత్రి ఉంటే పొద్దున్నే వెళ్లొచ్చు, పొద్దున గాలి కొంచెం తక్కువ. మడత కుర్చీ ఒకటి, మందపాటి స్వెటర్లు, చెవులకి టోపీ. దారిలో హర్స్ట్ వాళ్ల గడ్డి మైదానాల్లో జీబ్రాలు కనిపించొచ్చు, ఒకప్పుడు ఆయన జూలో ఉన్నవాటి సంతానం, అది కూడా చూపించండి.

ప్రశ్న: బీచ్‌లో సీల్ పిల్ల ఒంటరిగా కనిపిస్తే ఏం చెయ్యాలి? నీళ్లలోకి తొయ్యాలా?

తొయ్యకండి. మంచి ప్రశ్న అడిగారు. ముట్టుకోవద్దు, నీళ్లు పొయ్యొద్దు, తిండి పెట్టొద్దు, దుప్పటి కప్పొద్దు. హార్బర్ సీల్ తల్లి పిల్లని ఇసక మీద పెట్టి వేటకి వెళ్తుంది, జనం చుట్టూ మూగితే ఒడ్డుకి రావడానికి భయపడుతుంది, పిల్ల నిజంగానే అనాథ అవుతుంది. ఎలిఫెంట్ సీల్ పిల్లయితే ఒంటరిగా ఉండటమే దాని పద్ధతి, ఇందాక చెప్పాను కదా. మీరు చెయ్యాల్సింది, దూరంగా వచ్చి, కుక్కల్నీ జనాన్నీ అటు పోకుండా చూస్తూ, మెరైన్ మామల్ సెంటర్‌కి ఫోన్ చెయ్యడం. సాసలిటోలో ఉంది, ఆపదలో ఉన్న సముద్ర జంతువుల్ని కాపాడే సంస్థ, 1975 నుంచి ఇదే పని చేస్తున్నారు. ఏ బీచ్, ఎంత పొడవుంది, ఒంటి మీద గాయాలున్నాయా, తల ఎత్తుతోందా, ఇవి అడుగుతారు. దూరం నుంచే జూమ్ చేసి ఒక ఫొటో తీసి ఉంచుకోండి, అది చూసి వాళ్లు వచ్చి తీసుకెళ్లాలో అక్కడే వదిలేయాలో తేలుస్తారు. వాళ్లు వచ్చేదాకా మీరు అక్కడ ఉండగలిగితే ఉండండి, లేదంటే లైఫ్‌గార్డ్‌కో రేంజర్‌కో చెప్పి వెళ్లండి.